పదహారో అంకె

మా బత్తాయి రైతుల సంఘం ఆఫీసు దేవరకొండ రోడ్డులో ఒక ఎరువుల దుకాణం మీది గది. మెట్లెక్కుతుంటేనే పురుగుమందుల వాసన వస్తుంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, పాస్‌బుక్ జిరాక్సుల ఫైళ్లు రెండు, గోడకు మేకుకు గుచ్చిన తూకం చిట్టీలు. లెక్కలు చూసేది నేనొక్కదాన్నే. నల్లగొండలో బీకాం చదివాను, మూడు నెలలు కంప్యూటరు కోర్సు చేశాను. ఆ కోర్సులో ఎవరూ చెప్పని ఒక సంగతి నాకు 2021 ఏప్రిల్‌లో తెలిసింది. తెలిసేసరికి ముగ్గురు రైతుల డబ్బు వేరే మనిషి ఖాతాలో పడిపోయింది.

కత్తెర కాయ కోస్తున్న రోజులవి. అంతకుముందు రైతులకు డబ్బు చేతికే ఇచ్చేవాళ్లం. ఆఫీసు ముందు లైను, నోట్ల కట్టలు, వేలిముద్రల పుస్తకం. ఆ ఏడు మాత్రం అందరికీ ఖాతాల్లోనే వేద్దామని సంఘం మీటింగులో అనుకున్నారు. మొత్తం 84 మంది. గుర్రంపోడు, పీఏపల్లి మండలాల ఊళ్లు, కొన్ని తండాలు. బ్యాంకు వాళ్లు ఒక ఎక్సెల్ ఫారం ఇచ్చారు. పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడు), వేయాల్సిన మొత్తం నింపి నెట్ బ్యాంకింగ్‌లో ఎక్కిస్తే ఒకేసారి అందరి ఖాతాలకూ నెఫ్ట్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి) వెళ్తుంది.

మా జాబితాలో 61 మందివి పదకొండు అంకెల ఖాతాలు. 14 మందివి పదిహేను అంకెలు. మిగిలిన తొమ్మిది మందివి పదహారు. ఒక్కో బ్యాంకు ఒక్కో పొడవు పెట్టుకుంది. అప్పటికి నేనీ లెక్క వేసుకోలేదు. తర్వాత వేసుకున్నాను.

పదకొండు అంకెలవి కొడితే కొట్టినట్టే కనిపించాయి. పెద్దవి కొట్టి ఎంటర్ నొక్కగానే మధ్యలో చుక్క, చివర ‘ఈ+15’ అని ఏదో వచ్చేది. దీనికి మందు నాకు కోర్సులో నేర్పారు. కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్, ఫార్మాట్ సెల్స్, నంబర్, డెసిమల్ సున్నా. అంకెలన్నీ వరసగా బయటికొచ్చాయి. ఎన్ని అంకెలు ఉండాలో అన్నీ ఉన్నాయి. టైపు చేస్తున్నంతసేపూ నా కళ్లు జిరాక్సు మీద, వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. ఎంటర్ నొక్కాక గడిలో ఏం మిగిలిందో ఒక్కసారి కూడా జిరాక్సుతో కలిపి చూడలేదు.

మధ్యాహ్నం ఫైలు ఎక్కించాను. సాయంత్రానికి ఐదు పేమెంట్లు తిరిగొచ్చాయి, అలాంటి ఖాతా లేదని. జమ కాని నెఫ్ట్‌ను ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోపు వెనక్కి పంపాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది కాబట్టి తొందరగానే తెలిసింది. టైపింగులో తప్పు పోయి ఉంటుందనుకుని మొదటి రైతు జిరాక్సు తీసి మళ్లీ కొట్టాను. చివరి అంకె ఏడు. ఏడు కొట్టాను, గడిలో ఏడు కనిపించింది. ఎంటర్ నొక్కాను. ఏడు పోయి సున్నా వచ్చింది.

నాకింకా గుర్తుంది, ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ సున్నా. కీబోర్డులో ఏడు చెడిపోయిందేమోనని నోట్‌ప్యాడ్ తెరిచి అక్కడ కొట్టాను. నిక్షేపంగా ఏడు ఉంది. ఎక్సెల్‌కి వచ్చి కొడితే సున్నా. అప్పుడు కాలమ్ మొత్తం పైనుంచి కిందికి చూశాను. పదహారు అంకెలవి తొమ్మిదీ సున్నాతోనే ముగుస్తున్నాయి.

తొమ్మిదింట్లో ఐదు తిరిగొచ్చాయి. ఒకరి ఖాతా నిజంగానే సున్నాతో ముగుస్తుంది, ఆయనకు సరిగ్గా పడింది. మరి మిగిలిన మూడు? ఆ మూడు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే చేతులు చల్లబడ్డాయి. మూడింట్లోనూ ఒకే నంబరు. ముగ్గురూ ఒకే తండా వాళ్లు. జన్‌ధన్ ఖాతాలు వచ్చిన కొత్తలో తండాలో క్యాంపు పెడితే ఒకే రోజు ఒకరి వెనక ఒకరు నిలబడి ఖాతాలు తెరుచుకున్నారు. అందుకే వాళ్ల నంబర్లలో తేడా చివరి అంకెలో మాత్రమే ఉంది. ఒకరిది మూడు, ఒకరిది నాలుగు, ఒకరిది ఏడు. ఆ చివరి అంకెను ఎక్సెల్ సున్నా చేసేసరికి ముగ్గురూ ఒకరే అయిపోయారు. ఆ నంబరుతో, సున్నాతో ముగిసే ఖాతా కూడా అదే లైనులో నిలబడిన, మా జాబితాలో లేని ఇంకొక మనిషిదే. అందుకే ఆ డబ్బు వెనక్కి రాలేదు. 41,360, 28,820, 33,000. లక్షా మూడు వేల నూట ఎనభై రూపాయలు ఆయన ఖాతాలో కూర్చున్నాయి.

పొద్దున్నే బ్యాంకుకు పోయాను. పేరు వేరు కదా సార్, ఎట్లా జమ అయిందని అడిగాను. జమ అయ్యేది నంబరు చూసి, పేరు చూసి కాదు అని మేనేజరు చెప్పారు. (ఇప్పుడు కొంత మారింది. డబ్బు పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అప్పట్లో లేదు.) ఆ మనిషి పనికని పూణే పోయి ఉన్నాడు. బ్యాంకులో ఉన్నది ఆయన పాత సిమ్ నంబరు, మెసేజీలు అందులోకే పోయాయి. ఆయన తమ్ముణ్ణి పట్టుకుని, ఫోన్ కలిపి, సంగతి చెప్తే ‘నా పైసలు గావక్కా, నాకెందుకు’ అన్నాడు ఒక్క మాటలో. ఆయన సంతకంతో కాగితం వచ్చి, బ్యాంకు పని పూర్తయ్యేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది.

ఆ పంతొమ్మిది రోజుల్లో నాలుగుతో ముగిసే ఖాతా తాత ఆఫీసుకు ఆరుసార్లు వచ్చాడు. ఆయన బోరు మోటారు కాలిపోయింది. వైండింగుకు ఇచ్చాడు, డబ్బు కడితేనే మోటారు ఇస్తామన్నారు. తోట ఎండలో నీళ్లు లేకుండా ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మెట్ల మీద కూర్చుని, ‘ఇయ్యాలన్న పడ్తయా బిడ్డా?’ అని అడిగి పోయేవాడు. మూడోసారికి మా అధ్యక్షుడు సొంత డబ్బిచ్చి మోటారు విడిపించారు.

ఆ తప్పు మళ్లీ జరగకూడదని ఆ రోజుల్లోనే రాత్రిళ్లు కూర్చుని సంగతంతా తెలుసుకున్నాను. ఊరి సంఘాల్లో, పొదుపు సంఘాల్లో, బడుల్లో, మీసేవల్లో ఇలాంటి జాబితాలు కొట్టే వాళ్లెంతో మంది ఉన్నారు. ముఖ్యంగా వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎక్సెల్ ఒక గడిలో అంకెలు మాత్రమే చూస్తే దాన్ని లెక్క చేయాల్సిన సంఖ్య అనుకుంటుంది. అలాంటి ప్రతి సంఖ్యనూ 64 బిట్లలో (ఒక్కోటి సున్నా గానీ ఒకటి గానీ పట్టే చోటు) దాస్తుంది. ఐఈఈఈ 754 అనే ప్రమాణం ప్రకారం, అందులో అంకెలకు దొరికేది 53 బిట్ల కచ్చితత్వం. రెండు ఘాతం 53 ఎంతో చూస్తే 9,00,71,99,25,47,40,992. పదహారు అంకెలు. అక్కడి దాకా ఏ పూర్ణాంకాన్నయినా తేడా లేకుండా పెట్టుకోవచ్చు. అది దాటితే కొన్నిటికి చోటుంటుంది, కొన్నిటికి ఉండదు. పదిహేను అంకెల సంఖ్య ఏదైనా ఇముడుతుంది, పదహారైతే నమ్మకం లేదు. అందుకని ఎక్సెల్ పదిహేను దగ్గర గీత గీసి, ఆ తర్వాతి అంకెలన్నిటినీ సున్నాలు చేస్తుంది. పదహారు అంకెల ఖాతాలో ఒకటి పోతుంది. సిమ్ కార్డు మీద ఉండే పంతొమ్మిది, ఇరవై అంకెల నంబరు కొడితే నాలుగైదు పోతాయి.

మా వాళ్లకు చెప్పేటప్పుడు నేను వేబ్రిడ్జి మాట చెప్తాను. కాయల లారీని కాంటా ఎక్కిస్తే పది కిలోల లెక్కన తూకం వస్తుంది. పన్నెండు టన్నుల లోడులో నాలుగు కిలోలు అటూ ఇటూ అయినా ఎవరూ గొడవ పడరు. ఎక్సెల్ పెద్ద సంఖ్యల్ని అలాగే తూస్తుంది. వెయ్యి లక్షల కోట్ల రూపాయల దాకా రూపాయి తేడా లేకుండా లెక్క చెప్పగలదు, అంతకన్నా పెద్ద లెక్క మనకెందుకు? కానీ ఖాతా నంబరును ఎవరూ తూయరు. రెండు ఖాతా నంబర్లు కూడేవాళ్లు లేరు, సగటు తీసేవాళ్లు లేరు. ఇంటి పేరు ఎలాంటిదో అదీ అలాంటిదే. అక్షరాల్లాగా రాసుకోవాలి.

రాసుకునే దారి చాలా చిన్నది. కాకపోతే టైపు చేయకముందే చేయాలి. కాలమ్ మొత్తం సెలెక్ట్ చేయండి. హోమ్ ట్యాబులో మధ్యన ‘జనరల్’ అని కనిపించే పెట్టె మీద నొక్కి, కింద ‘టెక్స్ట్’ ఎంచుకోండి. తర్వాత నంబర్లు కొట్టండి. ఇక ఎన్ని అంకెలైనా ఉంటాయి, ఒక గడిలో 32,767 అక్షరాల దాకా పడుతుంది. ముందున్న సున్నాలూ పోవు. కొన్ని పాస్‌బుక్కుల్లో ఖాతా నంబరుకు ముందు ఆరు సున్నాలు ముద్రించి ఉంటాయి, అవి లేకున్నా డబ్బు సరిగ్గానే పడుతుంది. కొన్ని బ్యాంకుల్లో మొదటి సున్నా ఖాతా నంబరులోనే భాగం, అది రాలిపోతే నంబరే తప్పు.

ఒకటి రెండు గడులే అయితే ముందు ఒక ఒంటి కోట్ గుర్తు (') కొట్టి, తర్వాత నంబరు కొడితే చాలు. ఎంటర్ కీ పక్కనే ఉంటుంది ఆ గుర్తు. గడిలో కనిపించదు, ప్రింటులో రాదు. గూగుల్ షీట్స్‌లోనూ ఇదే ఇబ్బంది ఉంది. అక్కడ ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్ అని పోవాలి.

సరిగ్గా పడిందో లేదో చూపుతోనే తెలుస్తుంది. టెక్స్ట్ అయితే గడిలో ఎడమ వైపుకు ఆనుకుంటుంది, సంఖ్య అయితే కుడి వైపుకు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా వస్తుంది, నంబరును టెక్స్ట్‌గా పెట్టారని. అది రావడమే మనకు కావాలి. దాని మీద నొక్కితే ‘కన్వర్ట్ టు నంబర్’ అని ఒక సలహా ఉంటుంది. దాన్ని ముట్టుకున్నారా, పదహారో అంకె మళ్లీ సున్నా. ‘ఇగ్నోర్ ఎర్రర్’ నొక్కి వదిలేయండి. రూపాయల కాలమ్‌ను మాత్రం టెక్స్ట్ చేయొద్దు. చేస్తే కింద మొత్తం రాదు.

అన్నిటికన్నా బాధ పెట్టేది ఒకటుంది. ముందు నంబర్లు కొట్టేసి, తర్వాత కాలమ్‌ను టెక్స్ట్ చేస్తే పోయిన అంకె తిరిగి రాదు. ఎంటర్ నొక్కిన క్షణంలోనే అది పోయింది. ఎక్సెల్ దగ్గర దాని జాడే ఉండదు. మళ్లీ పాస్‌బుక్ తీసి కొట్టడం ఒక్కటే దారి. నేను ఆ తొమ్మిదీ అలాగే కొట్టాను.

ఆధార్ సంగతి వేరు. పన్నెండు అంకెలే కాబట్టి లోపల ఏమీ పోదు. కానీ జనరల్‌గా ఉన్న గడిలో పన్నెండు అంకెలు కొడితే 2.34568ఈ+11 లాగా కనిపించి టెన్షన్ పెడుతుంది. నంబర్‌గా మార్చి డెసిమల్ సున్నా చేస్తే మొత్తం కనిపిస్తుంది. అయితే అలా మార్చకుండా ఆ ఫైలును సీఎస్‌వీగా (గడుల్లోని రాత మాత్రమే కామాలతో విడదీసి ఉండే ఫైలు) సేవ్ చేస్తే మాత్రం నిజంగానే పోతాయి. సీఎస్‌వీలోకి పోయేది గడిలో కంటికి కనిపించేదే. తెరిచి చూస్తే ఆ చుక్కా, ఆ ‘ఈ’ మాత్రమే ఉంటాయి, మిగతా అంకెలు ఫైలులోనే ఉండవు. పశువుల చెవి పోగు నంబర్లు కూడా పన్నెండు అంకెలే, అక్కడా ఇదే జాగ్రత్త.

ఎవరైనా పంపిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవడం కూడా ప్రమాదమే. తెరుచుకునేటప్పుడే ఎక్సెల్ పొడవాటి నంబర్లన్నిటినీ సంఖ్యలు చేసేస్తుంది. ఆ తర్వాత అలవాటుగా సేవ్ నొక్కితే అసలు ఫైలు కూడా పాడవుతుంది. ఖాళీ షీటు తెరిచి, డేటా ట్యాబులో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నుంచి తెచ్చుకుని, ఖాతా కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పి లోడు చేసుకోవాలి. 2023 నుంచి కొత్త ఎక్సెల్‌లలో ఫైల్, ఆప్షన్స్, డేటాలో ‘ఆటోమేటిక్ డేటా కన్వర్షన్’ అని ఒక చోటు వచ్చింది. ముందు సున్నాలు తీసేయొద్దు, పొడవాటి నంబర్లను ముట్టుకోవద్దు అని అక్కడ టిక్కులు తీసేయవచ్చు. మా ఆఫీసు కంప్యూటరులోది పాతది, అందులో లేదు.

సర్వే నంబర్లు కొట్టేవాళ్లకు ఇక్కడే ఇంకో మాట. 7/1 అని కొడితే ఎక్సెల్ తేదీ చేసేస్తుంది. మా దగ్గర తోటల జాబితాలో పది పన్నెండు భూములు జనవరి, ఫిబ్రవరి అయిపోయాయి. ఇంటి నంబర్లు 3-14 లాంటివీ అంతే. వాటికీ ముందే టెక్స్ట్ చేయడమే మందు.

ఇంతా నేర్చుకున్నాక, ఆగస్టు సీజన్ కాయకు డబ్బులు వేసేటప్పుడు మళ్లీ గుండె ఆగినంత పనైంది. ఈసారి నంబర్లన్నీ టెక్స్ట్‌లోనే ఉన్నాయి, చివరి అంకెలు సరిగ్గా ఉన్నాయి. ఒకే ఖాతా రెండుసార్లు పడిందేమో చూద్దామని కండిషనల్ ఫార్మాటింగ్‌లో ‘డూప్లికేట్ వాల్యూస్’ పెట్టాను. ఆ తండా ముగ్గురూ ఎర్రగా వెలిగారు. చివర మూడు, నాలుగు, ఏడు కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి, అయినా ఒకటే అంటుంది. ఎవరైనా తొందరలో ఉంటే రెండు వరసలు తీసేసేవాళ్లే. వెతికితే తెలిసింది. టెక్స్ట్‌లో ఉన్నా సరే, అన్నీ అంకెలే అయితే ఈ పోలిక చేసేటప్పుడు ఎక్సెల్ వాటిని మళ్లీ సంఖ్యలుగా చదువుతుంది, మళ్లీ పదిహేను దగ్గరే ఆగుతుంది. ఒక నంబరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే కౌంట్ఇఫ్ ఫార్ములా కూడా అంతే.

నేను చేసే పని, పక్కన ఒక కాలమ్ పెట్టి ఖాతా నంబరు ముందు ఒక అక్షరం అతికిస్తాను. కోట్స్‌లో ఏదో ఒక అక్షరం, తర్వాత యాండ్ గుర్తు (&), తర్వాత గడి పేరు. అక్షరం ముందుంటే అది సంఖ్య అయ్యే వీల్లేదు, పదహారు అంకెలూ పోల్చి చూస్తుంది. డూప్లికేట్లు ఆ కాలమ్‌లో వెతుకుతాను. బ్యాంకుకు పంపే ఫైలులో ఆ కాలమ్ ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా చదివి కలుపుకోవడం మానను. మా అన్న బిడ్డ తొమ్మిదో తరగతి. ఆదివారం వచ్చి స్క్రీన్ మీది నంబరు చదువుతుంది, నేను జిరాక్సు మీద వేలు పెట్టి చూస్తాను. నాలుగేసి అంకెలుగా ఒక్కొక్కటీ విడివిడిగా చదవమన్నాను. ‘నూట నాలుగు’ అంటే ఒకటి సున్నా నాలుగా, వంద పక్కన నాలుగా తెలియదు. ‘డబుల్’, ‘ట్రిపుల్’ వద్దన్నాను. జిరాక్సులో మూడు ఎనిమిదిలా, ఒకటి ఏడులా కనిపిస్తే రైతుకే ఫోన్ చేసి అసలు పుస్తకం చూసి చెప్పమంటాను. చదువు రాని వాళ్లయితే పక్కింటి పిల్లలెవరో చెప్తారు.

ఆ తాత ఇప్పటికీ కాయ తూకం అయ్యాక చిట్టీ పట్టుకుని పైకొస్తాడు. కుర్చీలో కూర్చోడు, టేబులు పక్కన నిలబడి, ‘ఆఖరికి నాలుగే ఉందా బిడ్డా?’ అంటాడు. నా గురించి కాదు, ఆ నాలుగు గురించే అడుగుతాడు. నేను మానిటరు ఆయన వైపు తిప్పి, గడి పెద్దది చేసి చూపిస్తాను. చదువు లేకపోయినా అంకెలు తెలుసు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, వేలితో తెర మీద చివరిదాకా వచ్చి, నాలుగు దగ్గర ఆగుతాడు. అప్పుడు నేను పంపే బటన్ నొక్కుతాను.